ఆంత్వానెట్ ఇంజన్ల కంపెనీగానే ఉండాల్సింది

యూరప్‌లో విమానం ఎలా పుట్టిందో చెప్పే ఏ పుస్తకంలోనైనా మూడు పేర్లు తప్పకుండా వస్తాయి: సాంటోస్ డ్యూమోంట్, హెన్రీ ఫర్మాన్, లూయీ బ్లేరియో. 1906 నుంచి 1908 దాకా ఈ ముగ్గురినీ గాల్లోకి లేపింది ఒకే రకం ఇంజను. పారిస్ శివార్లలోని ప్యూతోలో ఒక చిన్న కంపెనీ దాన్ని తయారుచేసి, కావాలని వచ్చినవాళ్లకు అమ్మేది. ఇంజను పేరూ, కంపెనీ పేరూ ఆంత్వానెట్. ఆ ముగ్గురి పేర్లు క్విజ్ పుస్తకాల్లోకి ఎక్కాయి. ఇంజను డిజైన్ చేసిన లియోన్ లెవవాసర్ పేరు మాత్రం విమానాల పిచ్చి ఉన్నవాళ్లలోనూ కొద్దిమందికే తెలుసు.

తెలిసినవాళ్లు కూడా ఆయన కథను ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కాలం కంటే ముందు పుట్టిన ఇంజను, అందుకే నిలబడలేదు అంటారు. ఈ మాటతో నాకు చాలా పేచీ ఉంది. ఆ ఇంజనులో లోపాలు లేవని నేను అనను. కానీ కంపెనీ మునగడానికి అసలు కారణం ఇంజను లోపల లేదు. ఇంజన్లు అమ్మి బతికే కంపెనీ, ఆ ఇంజన్లు కొనేవాళ్లతోనే పోటీకి దిగింది. నేను బాలానగర్‌లో జాబ్‌వర్క్ చేసే చిన్న మెషీన్ షాపుల్లో పనిచేసినవాణ్ణి. ఈ తప్పు ఎలా జరుగుతుందో, ఎందుకు అంత తీపిగా కనిపిస్తుందో దగ్గరగా చూశాను. అందుకే వందేళ్ల కిందటి ఫ్రెంచి కంపెనీ సంగతి నాకు పరాయిదిగా అనిపించదు.

లెవవాసర్ 1863లో షేర్‌బుర్గ్ దగ్గర పుట్టాడు. మొదట చదివింది చిత్రకళ. తర్వాత ఇంజన్ల వైపు మళ్లాడు. తేలికైన, బలమైన పెట్రోలు ఇంజను తయారుచేస్తానని 1902లో జూల్ గాస్తాంబీద్ అనే పారిశ్రామికవేత్త ముందు ప్రతిపాదన పెట్టాడు. ఆయన డబ్బు పెట్టడానికి ఒప్పుకున్నాడు. ఆంత్వానెట్ ఆ గాస్తాంబీద్ కూతురి పేరు. 1903లో విలోత్రాన్ అనే చోట లెవవాసర్ సొంతంగా ఒక విమానం కట్టి చూశాడు, అది ఎగరలేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాత మళ్లీ అవసరమవుతుంది. విమానం కుదరకపోయేసరికి ఆ ఇంజన్లు రేసు పడవల్లోకి వెళ్లాయి. 1904, 1905ల్లో మోటారు పడవల పందేల్లో ఆంత్వానెట్ ఇంజన్లు బహుమతుల మీద బహుమతులు కొట్టాయి. 1906లో ఆంత్వానెట్ పేరుతో కంపెనీ రిజిస్టరైంది.

ఆ రోజుల్లో విమానానికి అసలు అడ్డు ఇంజను బరువే. రెక్క ఎలా ఉండాలో గ్లైడర్లతో చాలామంది నేర్చుకుంటున్నారు. దాన్ని ముందుకు తోసే శక్తి తేలిగ్గా దొరకాలి. మన పొలాల్లో వాడిన పాతకాలం ఆయిల్ ఇంజను గుర్తు చేసుకోండి. ఐదు హార్స్‌పవర్ ఇంజనును బోరు దగ్గరికి చేర్చాలంటే ఎడ్లబండి కావాలి, దింపడానికి నలుగురు మనుషులు కావాలి. 1903లో రైట్ సోదరుల ఇంజను దాదాపు 12 హార్స్‌పవర్ ఇచ్చేది, దాని బరువు 80 కిలోల పైచిలుకు. అంటే ఒక్కో హార్స్‌పవర్‌కు ఆరు కిలోల పైనే. ఆంత్వానెట్ ఎనిమిది సిలిండర్ల ఇంజను 50 హార్స్‌పవర్ ఇచ్చేది, బరువు సుమారు 95 కిలోలు. ఒక్కో హార్స్‌పవర్‌కు రెండు కిలోల లోపే.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. అమెరికాలో చార్లెస్ మాన్లీ 1903 నాటికే ఇంతకు తీసిపోని ఇంజను చేశాడు కదా అని. నిజమే. శామ్యూల్ లాంగ్లీ అనే శాస్త్రవేత్త కట్టిన విమానం కోసం చేసిన ఆ ఐదు సిలిండర్ల ఇంజను 52 హార్స్‌పవర్ ఇచ్చింది. అద్భుతమైన పని. కానీ తయారైంది ఒక్కటే. విమానంతో పాటు పొటోమాక్ నదిలో పడింది, దాన్ని బయటికి తీసి దాచుకున్నారు. ఇంకెవరికీ అది అందలేదు. ఆంత్వానెట్ గొప్పతనం సరిగ్గా ఇక్కడే ఉంది. అది అమ్మకానికి ఉన్న ఇంజను. విమానం కట్టాలనుకున్న మనిషి ఇక ఇంజను తనే కనిపెట్టుకోవాల్సిన పని లేకుండా పోయింది.

లెవవాసర్ ఆ బరువు ఎలా తగ్గించాడో కొంచెం వివరంగా చెప్పాలి. ఎనిమిది సిలిండర్లను నాలుగేసి చొప్పున రెండు వరుసలుగా వీ ఆకారంలో పెట్టాడు. ఎదురెదురు సిలిండర్లు రెండూ ఒకే క్రాంక్‌పిన్ను తిప్పుతాయి కాబట్టి ఇంజను ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్టు పొట్టిగా ఉంటుంది. పొట్టిగా ఉంటే తేలిగ్గానూ, గట్టిగానూ ఉంటుంది. ఎనిమిది సిలిండర్లుంటే ఇంజను ఒక్కసారి తిరిగేలోపు నాలుగుసార్లు తోపు దొరుకుతుంది. ఒకటి రెండు సిలిండర్ల ఇంజనులో తోపుకీ తోపుకీ మధ్య తిప్పడానికి బరువైన ఫ్లైవీల్ కావాలి. ఇక్కడ ఆ బరువు మోయాల్సిన పనే లేదు. క్రాంక్‌కేసు అల్యూమినియం. సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే తొడుగును పోత పోయకుండా, విద్యుత్తుతో రాగిని పొరగా ఎక్కించి చేశారు. పోత పోస్తే గోడ మందంగా వస్తుంది, ఈ పద్ధతిలో కాగితంలా పల్చగా వస్తుంది. మెషీన్ షాపులో పనిచేసినవాడికి ఈ ఒక్క విషయం చాలు, ఆ మనిషి ఎంత తపనపడ్డాడో అర్థం కావడానికి.

చల్లబరిచే పద్ధతి ఇంకా బాగుంటుంది. మామూలు ఇంజనులో నీళ్లు వేడెక్కుతాయి, రేడియేటర్‌లో చల్లబడతాయి, మళ్లీ వస్తాయి. లెవవాసర్ నీళ్లను మరగనిచ్చాడు. ఒక కిలో నీటిని 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 80 కిలోకాలరీల వేడి పడుతుంది. అదే నీటిని ఆవిరిగా మార్చడానికి ఇంకో 540 కిలోకాలరీలు కావాలి. అంటే మరిగే నీరు ఇంజను నుంచి అనేక రెట్లు ఎక్కువ వేడిని లాక్కుపోతుంది. కొద్ది నీళ్లతోనే పని జరుగుతుంది. ఆ ఆవిరిని సన్నని గొట్టాల్లోకి పంపి మళ్లీ నీరుగా మార్చుకోవడమే మిగిలిన పని. తర్వాత వచ్చిన ఆంత్వానెట్ విమానాల ఫొటోల్లో ముందు భాగం పక్కన వరుసగా కనిపించే పొడవాటి గొట్టాలు అవే.

పెట్రోలు విషయంలో ఆయన, దాన్ని గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్‌ను వదిలేశాడు. చిన్న పంపుతో కొలిచినంత పెట్రోలును ఒక్కో సిలిండరు ఇన్లెట్ వాల్వు ముందుకు నెట్టేవాడు. ఈరోజు మన బైకుల్లో ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) అని రాసి అమ్ముతున్న పద్ధతికి తాత ఇదే. ఇప్పుడంటే ఎంత పెట్రోలు పోవాలో కంప్యూటర్ లెక్కేస్తుంది. ఆయన దగ్గర ఉన్నది పంపు, గొట్టాలు, అతి సన్నని రంధ్రాలు. ఆ రంధ్రాలే ఆయన మీద నింద పడటానికి కారణమయ్యాయి. పెట్రోలులో చిన్న నలక ఉన్నా రంధ్రం మూసుకుపోయేది.

ఇన్ని చిక్కులున్నా ఆ ఇంజను ఎక్కడెక్కడికి వెళ్లిందో చూడండి. సాంటోస్ డ్యూమోంట్ తన '14-బిస్' విమానానికి మొదట 24 హార్స్‌పవర్ ఆంత్వానెట్ పెట్టాడు, శక్తి చాల్లేదు. 50 హార్స్‌పవర్‌ది పెట్టాక 1906 అక్టోబరు 23న బగతెల్ మైదానంలో 60 మీటర్లు ఎగిరాడు. నవంబరు 12న 220 మీటర్లు. 1907లో బ్రెగే సోదరులు ప్రొఫెసర్ రిషేతో కలిసి కట్టిన హెలికాప్టరులో ఆంత్వానెట్ ఉంది. అదే ఏడాది పాల్ కోర్న్యూ చేసిన హెలికాప్టరులో 24 హార్స్‌పవర్‌ది ఉంది. 1908 జనవరి 13న ఇస్సీలో ఫర్మాన్ ఒక కిలోమీటరు దూరం చుట్టి తిరిగొచ్చి 50,000 ఫ్రాంకుల బహుమతి గెలిచాడు. వాజాన్ సోదరులు కట్టిన ఆ విమానంలోనూ ఇదే ఇంజను. ఆ ఏడాది అక్టోబరు 30న ఫర్మాన్ బూయీ నుంచి రీమ్స్ దాకా 27 కిలోమీటర్లు ఊరి నుంచి ఊరికి ఎగిరాడు. మర్నాడే బ్లేరియో తూరీ నుంచి ఆర్తెనే దాకా వెళ్లి, దారిలో దిగుతూ లేస్తూ వెనక్కి వచ్చాడు. పోటీపడిన ఆ ఇద్దరి విమానాల్లోనూ ఉన్నది ఆంత్వానెట్టే.

ఇంగ్లండులోనూ అంతే. బ్రిటిష్ సైన్యం 1907లో తన మొదటి ఎయిర్‌షిప్‌కు 50 హార్స్‌పవర్ ఆంత్వానెట్ కొన్నది. ఆ ఇంజనునే తర్వాత శామ్యూల్ కోడీ విమానానికి మార్చారు. 1908 అక్టోబరు 16న ఫార్న్‌బరోలో ఆయన 424 మీటర్లు ఎగిరాడు. బ్రిటన్‌లో ఇంజనుతో ఎగిరిన తొలి విమానంగా దాన్నే లెక్కేస్తారు. తర్వాత అవ్రో కంపెనీ పెట్టిన ఏ.వి.రో తన తొలి విమానంతో బ్రూక్‌లాండ్స్‌లో ప్రయత్నాలు చేసింది అరువు తెచ్చుకున్న 24 హార్స్‌పవర్ ఆంత్వానెట్‌తో.

రైట్ సోదరులు ఫ్రాన్స్ వచ్చి ఎగిరి చూపించాకే యూరప్ నేర్చుకుందని చాలామంది అంటారు. విమానాన్ని అదుపులో పెట్టడం గురించి అది నిజం. కానీ వాళ్లు వచ్చేటప్పటికే అక్కడ నేర్చుకోవడానికి సిద్ధంగా డజను మంది ఎందుకున్నారు? వాళ్లందరికీ ఒకే చోట ఇంజను దొరికింది కాబట్టి. ఒక దేశంలో ఒక పరిశ్రమ లేవాలంటే ఒక గొప్ప ఆవిష్కర్త చాలడు. పదిమంది ప్రయత్నించడానికి వీలుగా, అందరికీ కావాల్సిన కష్టమైన భాగాన్ని చేసి అమ్మేవాడు ఒకడుండాలి. ఫ్రాన్స్‌లో ఆ పని చేసింది ఆంత్వానెట్. ఇది నేను మనస్ఫూర్తిగా నమ్మే మాట.

మరి అంత గిరాకీ ఉన్న కంపెనీ ఏం చేసింది? 1908లో సొంత విమానాలు కట్టడానికి దిగింది. ఫిబ్రవరిలో మొదటి మోనోప్లేన్ (ఒకే జత రెక్కల విమానం), అక్టోబరులో 'ఆంత్వానెట్ 4'. బ్లేరియో ఆ కంపెనీలో డబ్బు పెట్టినవాడు, ఉపాధ్యక్షుడు కూడా. మన ఇంజన్లు కొనేవాళ్లతో మనమే పోటీ పడితే ఎలా అని ఆయన అభ్యంతరం చెప్పాడు. ఆ కొనేవాళ్లలో ఆయనా ఒకడు. చివరికి బయటికి వెళ్లిపోయాడు.

బాలానగర్‌లో ఈ సంభాషణ నేను ఒక్కసారి కాదు, చాలాసార్లు విన్నాను. ఎన్నాళ్లని వేరేవాళ్ల డ్రాయింగులకు పార్టులు చేస్తాం, లాభమంతా వాళ్లకే పోతోంది, మనమే సొంత ప్రాడక్టు చేద్దాం అంటారు. నేను పనిచేసిన ఒక షాపు పంపులకు భాగాలు చేసేది. టాలరెన్సు విషయంలో, అంటే కొలతల్లో తేడా రానివ్వకపోవడంలో, మా పనికి మంచి పేరుండేది. ఓనరు సొంత పంపు తయారుచేసి మార్కెట్లో పెట్టాడు. పంపు బాగానే ఉంది. కానీ మా దగ్గర భాగాలు చేయించుకునే కంపెనీలకు టెన్షన్ మొదలైంది. తమ డ్రాయింగులు మా దగ్గర ఉన్నాయి, రేట్లు మాకు తెలుసు. ఎవరూ గొడవపడలేదు, నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. ఆర్డర్లు మాత్రం ఒక్కొక్కటిగా పక్క షాపులకు వెళ్లిపోయాయి. పోయిన ఆర్డరును తిరిగి తెచ్చుకోవడం కొత్త ఆర్డరు తెచ్చుకోవడం కన్నా కష్టం. ఆ నెలల్లో పనివాళ్ల ముఖాలు నాకింకా గుర్తున్నాయి. కాబట్టి బ్లేరియో అభ్యంతరం నాకు స్వార్థంలా కనిపించదు. ఆయన చెప్పింది కంపెనీ మేలు కోరే మాట.

బ్లేరియో తన తర్వాతి విమానం 'బ్లేరియో 11'కి మొదట ఆర్ఈపీ అనే ఇంజను పెట్టాడు, అది కుదరక అలెస్సాండ్రో అంజానీ దగ్గరికి వెళ్లాడు. అంజానీ మోటారుసైకిల్ ఇంజన్ల మనిషి. ఆయన చేసిన మూడు సిలిండర్ల ఇంజను 25 హార్స్‌పవర్‌ది, గాలితోనే చల్లబడుతుంది. నూనె చిమ్ముతుంది, వేడెక్కుతుంది. ఆంత్వానెట్ పక్కన పెడితే మోటుగా ఉంటుంది.

1909 జూలై 19న ఇంగ్లీషు చానల్ దాటడానికి ముందుగా బయల్దేరింది ఆంత్వానెట్ విమానమే. పైలట్ హ్యూబర్ట్ లాథమ్. సముద్రం మీద ఇంజను ఆగిపోయింది. నీళ్ల మీద తేలుతున్న విమానంలో సిగరెట్ కాలుస్తూ కూర్చున్న లాథమ్‌ను ఫ్రెంచి నౌక వచ్చి తీసుకెళ్లింది. జూలై 25న బ్లేరియో అంజానీ ఇంజనుతో 36 నిమిషాల పైచిలుకులో డోవర్ చేరాడు. జూలై 27న లాథమ్ మళ్లీ వెళ్లాడు, డోవర్ తీరం కళ్లముందు ఉండగా మళ్లీ సముద్రంలో పడ్డాడు. ఆంత్వానెట్ ఇంజను నమ్మదగింది కాదన్న పేరు ఆ వారంలో వచ్చింది. ఇప్పటికీ పోలేదు.

ఆ తీర్పు సగమే నిజం. అంతకు నెల ముందు, జూన్ 5న, అదే లాథమ్ అదే రకం ఇంజనుతో గంటకు పైగా గాల్లో ఉన్నాడు. చానల్ వైఫల్యం తర్వాత నెలకే, ఆగస్టు చివర్లో, రీమ్స్ విమాన పోటీల్లో 154 కిలోమీటర్లు ఆగకుండా ఎగిరి దూరం పోటీలో రెండో స్థానంలో నిలిచాడు. ఎత్తు పోటీలో 155 మీటర్లతో మొదటి బహుమతి ఆయనదే. రెండు గంటలకు పైగా ఆగకుండా తిరిగిన ఇంజనును పనికిరానిదని ఎలా అంటాం? పెట్రోలులో నలక పడితే ఆగిపోవడం ఇంధనాన్ని వడకట్టడంలో ఉన్న సమస్య. డీజిల్ ఇంజను బాగుచేసే ఏ మెకానిక్‌ను అడిగినా చెబుతాడు, నాజిల్ మూసుకుపోతే నాజిల్ విప్పి పారేయరు, ముందు ఫిల్టరు చూస్తారు. అంతకీ కుదరకపోతే, కొనేవాడు కోరుకుంటే కార్బురేటరుతో ఒక రకం, పంపుతో ఒక రకం అమ్మొచ్చు. అందుకు కావాల్సింది ఇంజను మీదే కూర్చుని పనిచేసే రెండేళ్లు. ఆ రెండేళ్లు విమానాలకు పోయాయి.

నా వాదనకు బలమైన జవాబు ఒకటుంది. దాన్ని దాటవేయకూడదు. లెవవాసర్ కలే విమానం కదా, 1903లో విలోత్రాన్‌లో మొదలుపెట్టింది అదే కదా, మనసులో ఉన్నది వదిలేసి ఇంజన్లు అమ్ముకుంటూ కూర్చోమనడం ఏం న్యాయం అని అడగొచ్చు. పైగా ఆ విమానాలు నిజంగా అందమైనవి. పడవలాంటి సన్నని శరీరం, పొడవాటి రెక్కలు. పారిస్ దగ్గర లె బూర్జే మ్యూజియంలోనూ, లండన్ సైన్స్ మ్యూజియంలోనూ ఇప్పటికీ ఉన్నాయి. నడపడం కష్టమే. అందుకని మూర్మెలోలోని వాళ్ల స్కూల్లో సగానికి కోసిన పీపాలో విద్యార్థిని కూర్చోబెట్టి, కింద నుంచి మనుషులు ఊపుతుంటే చక్రాలు తిప్పి సర్దుకోవడం నేర్పేవాళ్లు. ఈరోజు పైలట్లు నేర్చుకునే సిమ్యులేటర్లకు అది ఆరంభం. మారీ మార్వాన్ అనే మహిళ 1910లో పైలట్ లైసెన్సు సంపాదించింది ఆంత్వానెట్ విమానం మీదే. ఇదంతా జరిగిందంటే నాకు సంతోషమే.

అయినా నా మాట మారదు. విమానం మీద ప్రేమ ఉన్న మనిషికి విమానం కట్టే హక్కు ఉంది. కానీ కంపెనీకి డబ్బు తెచ్చే పని ఏదో, దానికి మొదటి చోటు ఇవ్వాలి. 1911లో రీమ్స్‌లో సైన్యం పెట్టిన పోటీకి లెవవాసర్ 'మోనోబ్లాక్' అనే విమానం తెచ్చాడు. బయట తీగలు, కర్రలు లేని రెక్కలు, చక్రాలకు తొడుగులు, చూస్తే ఇరవై ఏళ్ల తర్వాతి విమానంలా ఉంటుంది. బరువు ఎక్కువ. 60 హార్స్‌పవర్ ఇంజనుతో నేల మీద నుంచి సరిగ్గా లేవలేకపోయింది. ఇది నన్ను చాలా బాధపెట్టే సంగతి. తేలికైన ఇంజనుతో మొదలైన కంపెనీ, తన విమానాన్ని లేపగల ఇంజను తన దగ్గర లేక ఓడిపోయింది. అప్పటికి మిగతావాళ్ల ఇంజన్లు ముందుకు వెళ్లిపోయాయి. ఆ తర్వాత కంపెనీ ఎక్కువ కాలం బతకలేదు. లాథమ్ 1912లో ఆఫ్రికాలో చనిపోయాడు. లెవవాసర్ 1922లో పోయాడు.

ముందుకు వెళ్లిన ఆ ఇంజన్లలో అన్నిటికన్నా పెద్దది నోమ్. లూయీ, లోరాన్ సెగాన్ సోదరుల కంపెనీ. సిలిండర్లే గిరగిరా తిరిగే ఏడు సిలిండర్ల ఇంజను, 50 హార్స్‌పవర్, సుమారు 75 కిలోలు. రీమ్స్‌లో లాథమ్‌ను రెండో స్థానానికి నెట్టి 180 కిలోమీటర్లు ఎగిరిన ఫర్మాన్ విమానంలో ఉన్నది అదే. ఒకప్పటి ఆంత్వానెట్ ఖాతాదారుడే ఆయన! నోమ్‌లోనూ లోపాలు తక్కువేం కాదు. ఆముదం తాగేది, విపరీతంగా పెట్రోలు కాల్చేది, తరచూ విప్పి శుభ్రం చేయాల్సి వచ్చేది. కానీ సెగాన్ సోదరులు ఇంజన్ల మీదే నిలబడ్డారు. విమానం ఎవరు కట్టినా ఇంజను వాళ్లకు అమ్మారు, జర్మనీలోని ఒబెరుర్సెల్‌కు లైసెన్సు కూడా ఇచ్చారు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి అలా తిరిగే ఇంజన్ల కాలమే అయిపోయింది. కంపెనీ మాత్రం అయిపోలేదు. యుద్ధం మధ్యలో లె రోన్‌తో కలిసి నోమ్-ఎ-రోన్ అయింది. తర్వాత బ్రిటన్ నుంచి బ్రిస్టల్ జూపిటర్ ఇంజను లైసెన్సు తెచ్చుకుని కొత్తరకం ఇంజన్లు నేర్చుకుంది. 1945లో ఫ్రెంచి ప్రభుత్వం దాన్ని జాతీయం చేసి స్నెక్మా అని పేరు పెట్టింది. 2005లో అది సఫ్రాన్‌లో భాగమైంది. అమెరికా కంపెనీ జీఈతో కలిసి సఫ్రాన్ చేసే లీప్ ఇంజన్లు ఈరోజు ఎయిర్‌బస్ ఏ320 నియో, బోయింగ్ 737 మాక్స్ విమానాల్లో తిరుగుతున్నాయి. వాటి భాగాలు చేసే ఫ్యాక్టరీ 2022లో మన హైదరాబాద్‌లో మొదలైంది, ఆ ఇంజన్లను విప్పి బాగుచేసే కేంద్రం శంషాబాద్ విమానాశ్రయం పక్కనే 2025 నవంబరులో వచ్చింది. ఎయిర్‌బస్‌కు ఇంజను అమ్ముతూనే బోయింగ్‌కూ అమ్మగలుగుతున్నారంటే, సొంత విమానం కట్టి ఆ ఇద్దరితో పోటీకి దిగలేదు కాబట్టే.